ఛోటా దఫ్తర్ చూసిన వేసవి

మూడు రోజులపాటు మా ఇంట్లో టీవీ నోరు మూసుకుని కూర్చుంది. మూయించింది నేనే.

ఏప్రిల్ నెలాఖరు. మా అమ్మాయి సాక్షికి ఆరో తరగతి పరీక్షలైపోయి సెలవులిచ్చారు. నేను మా భివండి పక్కన పూర్ణలో ఒక గోదాముకు పార్శిళ్లు ప్యాక్ చేసే పనికి వెళ్తాను. ఎనిమిదికల్లా అక్కడ ఉండాలి. ఆ రోజు ధామన్కర్ నాకా కూడలి దగ్గర రెండు ట్రక్కులు అడ్డం తిరిగి నిలబడిపోయాయి. నేనెక్కిన షేర్ ఆటో అరగంట కదల్లేదు. గోదాము చేరేసరికి మా సూపర్‌వైజర్ అమోల్ సర్ గేటు దగ్గరే ఉన్నాడు. చేతి గడియారం మీద వేలితో టకటకా రెండుసార్లు కొట్టి, ఒక కనుబొమ్మ పైకెత్తి, "ఘడీ దేఖ్‌నా ఆతా హై క్యా, మేడమ్?" అన్నాడు. గడియారం చూడటం వచ్చా అని. లైన్లో నిలబడ్డ ఇరవై మంది ఆడవాళ్లు విన్నారు. ఇద్దరు నవ్వారు.

ఆ మాటను రోజంతా మోసుకుని సాయంత్రం ఇంటికొచ్చాను. చెప్పులు విడుస్తుండగానే సాక్షి నా ఎదుట నిలబడింది. ముక్కు మీద వాళ్ల తాత పాత కళ్లద్దాలు. నుదుటి మీద కాటుకతో గీసుకున్న ముడతలు. మణికట్టు మీద లేని గడియారాన్ని టకటకా రెండుసార్లు కొట్టి, ఒక కనుబొమ్మ పైకెత్తి,

"ఘడీ దేఖ్‌నా ఆతా హై క్యా?" అంది.

నేను టీవీ ప్లగ్గు పీకేశాను. రిమోట్‌ను బీరువా మీదికి, దాని చేతికి అందనంత ఎత్తుకు విసిరేశాను.

"ఎవలు నేర్పిండ్రే నీకీ మాటలు? తల్లి పనికి పోయి అస్తే గిట్లనే ఎదురొస్తవా?"

పిల్ల బిత్తరపోయి కళ్లద్దాలు తీసేసింది. "లింబూ సర్ అంటడు గదమ్మా, ఛోటా దఫ్తర్ల. నేను మజాక్ చేసిన."

ఛోటా దఫ్తర్, అంటే చిన్న ఆఫీసు, రోజూ సాయంత్రం ఆరున్నరకు వచ్చే హిందీ హాస్య సీరియల్. పన్నెండు పదమూడేళ్ల పిల్లలు నలుగురు బడి విడిచాక ఒక పార్శిల్ ఆఫీసు నడుపుతుంటారు. వాళ్ల మేనేజర్ ఎప్పుడు చూసినా నిమ్మకాయ కొరికిన ముఖం పెడతాడని ఆయనకు లింబూ సర్ అని పేరు. ఆ వేసవిలో మా గల్లీలో సాక్షి ఈడు పిల్లలందరి నోటా అవే మాటలు. మీటింగ్ అంటారు, ప్రమోషన్ అంటారు, 'యూ ఆర్ ఫైర్డ్' అంటారు. అవి విని మేమూ నవ్వినవాళ్లమే. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

టీవీ కట్టేస్తే ఇంట్లో అందరూ నా పక్షమే అయ్యారు.

"మంచి పని చేసినవ్ కళా," అంది మా అత్త లస్మవ్వ. "మొన్న చిక్కుడుకాయ తుంపమంటే కాయితం రాసి చేతుల పెట్టింది. ఏందే ఇది అంటే చుట్టీ అప్లికేషనట, సెలవు గావాల్నట!"

"సేఠ్ బట్ట చూస్తానికి అస్తే మెట్ల మీద ఆపింది," అన్నాడు మా ఆయన రమేశ్. "అపాయింట్‌మెంట్ ఉన్నదా అని అడిగింది. నా మొఖం ఏడ పెట్టుకోవాలె?" కోపంగానే అన్నాడు కాని, అంటున్నప్పుడు పెదవి కొస కొంచెం కదిలింది.

మా ఇంటి కిందే షెడ్డు. అందులో ఆరు సాంచాలు. మరమగ్గాలను మా వాళ్లు సాంచాలంటారు. రమేశ్, యాదయ్య అనే పనివాడు కలిసి వాటిని నడుపుతారు. ఆ షెడ్డులో మా మామ గట్టయ్య నలభై అయిదేళ్లు నిలబడ్డాడు. ఆ మోతకు ఆయన చెవులు పోయాయి. ముందుకొచ్చి నిలబడి గట్టిగా అరిస్తే సగం వినపడుతుంది. చెవులకు మిషన్ పెట్టించుకొమ్మని మేం ఎన్నేళ్లుగా చెప్పినా, "ఈ వయసుల నాకు కొత్తగ వినేదేమున్నది?" అనేవాడు. టీవీ సంగతి ఆయనకు సైగలతో చెబితే తల ఊపాడు.

"ఆ డబ్బాల పోరగాండ్లు ఎప్పుడు చూసినా నవ్వుతనే ఉంటరు. పనికాడ గంత నవ్వేముంటది? తీసెయ్‌రి."

నాలుగో రోజు సాక్షి అందరి ముందుకూ వచ్చి నిలబడింది. ఏడుపు లేదు, అలక లేదు.

"మీరు ఎవ్వరు ఒక్క ఎపిసోడ్ గూడ పూర చూడలే. చూడకుండ మంచిగలేదని ఎట్ల చెప్తరు?"

"చూసుడెందుకు? నీ మాటలు వింటలేమా?" అంది అత్త.

నాకు మాత్రం ఆ ప్రశ్న గుచ్చుకుంది. మా గోదాములో వాపసు వచ్చిన పార్శిల్‌ను విప్పి చూడకుండా దాని మీద 'ఖరాబ్' చీటీ అంటించకూడదు. మొదటి రోజే నేర్పుతారు. ఇంట్లో నేను చేసింది సరిగ్గా అదే.

"శనివారం నుంచి బేస్తారం దాకా అందరం కూసొని చూద్దాం," అన్నాను. "శుక్రవారం సాంచాలు బంద్. ఆ రోజు అందరం చెప్దాం. వద్దంటే వద్దు, మళ్ల అడగద్దు. సరేనా?"

"సరే," అంది సాక్షి. బీరువా మీది రిమోట్ నేనే దించాను.

*

శనివారం సాయంత్రం పరీక్ష పెట్టే పంతుళ్లలా వరుసగా కూర్చున్నాం. రమేశ్ కింద సాంచాలు యాదయ్యకు అప్పజెప్పి పైకొచ్చాడు. మామ కిటికీ పక్క కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆయనకేమీ వినపడదని అప్పుడు గుర్తొచ్చింది.

"తాతకు నేను చెప్త," అని సాక్షి ఆయన కుర్చీ పక్కన మోకాళ్ల మీద నిలబడి, చెవి దగ్గర నోరు పెట్టింది.

అక్కడ మొదలైంది అసలు కష్టం. సీరియల్ హిందీలో. సాక్షి బడి మరాఠీలో. తాతతో దాని మాటలన్నీ తెలుగులోనే కాబట్టి తెలుగులో చెప్పాలి, అదీ కింది సాంచాల మోతను దాటి.

"తాతా, ఆ పోరి పత్తా తప్పు రాసింది. మంగ... అదే, తర్వాత... పార్శిల్ వేరే ఇంటికి పోయింది. అందుల బక్రీ... అది... మేక! మేక ఉన్నది!"

"మేకనా? పార్శిల్ల మేకనా?"

"ఖరంచ్ తాతా! నిజంగ!"

మామ ముందుకు వంగి తెర వైపు గంభీరంగా చూశాడు. "డబ్బాకు తొర్రలు పెట్టిండ్రా? లేకుంటే దానికి గాలి ఆడద్దా? అడుగు వాళ్లను."

సీరియల్‌కు ముఖం బిగించుకుని కూర్చున్నవాళ్లం ఆ మాటకు నవ్వేశాం. మామకు మేమెందుకు నవ్వుతున్నామో అర్థం కాలేదు. ఆయనకు మేక గురించి నిజంగానే బెంగ.

తర్వాతి రోజుల్లో ఒక్కొక్కరికీ ఒక్కో తప్పు దొరికింది. "వీళ్ల అమ్మనాయినలు ఏడున్నరే? ఒక్కనాడన్న కనవడరు. పొద్దుగూకినంక వీళ్లకు అన్నమెవరు పెడుతున్నరు?" అని అత్త అడిగింది. "టేపు ఒక్క వరసే ఏసిండ్రు. గా పార్శిల్ నాకా దాటకముందే ఇచ్చుకపోతది," అని నేనన్నాను. రమేశ్ అయితే "గా ఆఫీసుల పని చేసేటోడు ఒక్కడు కనిపిస్తలేడు" అని తేల్చేశాడు. కాని లింబూ సర్ స్టాంపుల సిరా మీద కూర్చుని, ఆ సంగతి తెలియక పెద్ద ఆఫీసర్ల ముందు అటూ ఇటూ తిరిగినప్పుడు అత్త కొంగు నోట్లో కుక్కుకుంది.

సాక్షి చెప్పే పద్ధతి కూడా మారింది. సాంచాల మోతలో మాట వినపడదు కాబట్టి కింద షెడ్డులో అందరూ సైగలతోనే మాట్లాడుకుంటారు. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే దారం తెగిందని. అరచెయ్యి నేలకు చూపితే ఆపమని. బొటనవేలు నోటికి పెడితే చాయ్ అని. సాక్షికి ఇవి పుట్టినప్పటినుంచీ తెలుసు. గొంతు అలిసిపోయినప్పుడు వాటినే వాడటం మొదలుపెట్టింది. లేని వాటికి కొత్తవి పుట్టించింది. పిడికిలి బిగించి నిమ్మకాయ పిండినట్టు తిప్పితే లింబూ సర్. తల మీద రెండు వేళ్లు పెడితే మేక. మామ ఆ సైగలు చూసి, అర్థమైందని తల ఊపి, ఒక్కోసారి మాకంటే ముందే పెదవి విప్పేవాడు.

*

మంగళవారం నాటి కథలో ఆఫీసుకు ఒక్కసారిగా వంద పార్శిళ్లు వచ్చాయి. పిల్లలు ఇంటికి పోకుండా, పాటలు పాడుకుంటూ, బల్లల మీద ఎగురుతూ అన్నీ కట్టేశారు. ఎవరికీ అలుపు లేదు, ఎవరి జుట్టూ చెదరలేదు.

మామ అరచెయ్యి నేలకు చూపాడు. ఆపమని.

సాక్షి టీవీ గొంతు తగ్గించింది.

"పని గట్లుండది బిడ్డా," అన్నాడు మామ. "నేను భివండికి అచ్చినప్పుడు నీ అంతనే ఉంటి. పదకొండేండ్లు. మా నాయిన సాంచాల మీద నిలవడితే నేను కండెలు చుట్టేది. పొద్దుగూకేటాళ్లకు కాళ్లు గుంజేటియి. బట్ట తాకాల కుప్ప మీద నిద్రపోతే, పని చేయించే ముకద్దం చెవి పట్టి లేపేది. పాటలు పాడుకుంట ఎగిరినోణ్ని నేనెవ్వణ్ని చూడలే."

నేల కింద సాంచాల అదురు కాళ్లకు తెలుస్తూనే ఉంది. సాక్షి ఆయన మోకాలి మీద చెయ్యి పెట్టి చెవి దగ్గరకు వంగింది.

"నీకు టిఫిన్ బ్రేక్ ఉండకపోవునా తాతా?"

"టిఫినే లేకపాయె, బ్రేకెక్కడిది?" అని ఆయనే ఫక్కున నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగి, "కని ఒక్కనాడు మాత్రం మస్తు నవ్వినం," అన్నాడు.

ఆ రోజు చెప్పాడు ఆ ముచ్చట. ఆయన, దత్తాత్రి అనే ఇంకో పిల్లవాడు కలిసి, కునుకు తీస్తున్న ముకద్దం చెప్పులను బట్ట తాకా మడతల్లో దాచారట. మూటలు కట్టేవాళ్లు చూసుకోకుండా దాన్ని ముంబై పంపించేశారు. ముకద్దం వారం రోజులు వట్టి కాళ్లతో తిరిగాడు. తర్వాత ముంబై సేఠ్ దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది.

"ఏం రాసిండు?" అని సాక్షి, రమేశ్ ఒకేసారి అడిగారు.

"బట్ట మంచిగున్నది. చెప్పులు మాత్రం నాకు బిర్రయినయి, కొంచెం పెద్దయి పంపుమని!"

రమేశ్ గోడకు జారగిలబడి నవ్వాడు. అత్త నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ, "నలభై ఏండ్లాయె మన పెండ్లయి. నాకెన్నడు చెప్పలే ఈ ముచ్చట!" అంది.

"నువ్వెన్నడు అడగలే," అన్నాడు మామ.

తెర మీద ఛోటా దఫ్తర్ ఎప్పుడు అయిపోయిందో ఎవరూ చూడలేదు. ఆ మర్నాటినుంచి సీరియల్ కాగానే మామ పాత షెడ్డు ముచ్చట ఒకటి చెప్పడం, మేం వినడం వాడుకయింది.

*

బుధవారం పొద్దున జడ వేస్తుంటే సాక్షి అడిగింది.

"అమ్మా, మీ గోదాముల లింబూ సర్ ఉన్నడా?"

చెప్పాలో వద్దో అనుకుంటూనే చెప్పేశాను. గేటు, గడియారం, కనుబొమ్మ, లైన్లో నవ్విన ఇద్దరు. దాని తల నా చేతుల్లో కదలకుండా ఉంది.

"గా రోజేనా? నేను అద్దాలు పెట్టుకున్న రోజు?"

"ఆ."

అది రెండో జడకు రిబ్బన్ నా చేతిలోనుంచి తీసుకుని తనే కట్టుకుంది. నేను మెట్లు దిగుతుంటే పరిగెత్తుకొచ్చి నీళ్ల సీసా నా సంచీలో పెట్టింది.

ఆ రోజు కూడా నాకా దగ్గర అయిదు నిమిషాలు పోయాయి. గేటు దగ్గర అమోల్ సర్ వేలు గడియారం మీద టకటకా ఆడింది. కనుబొమ్మ లేచింది. నాకేమో ఆయన ముఖం బదులు, సాక్షి పిడికిలి బిగించి నిమ్మకాయ పిండటం కనిపించింది. నవ్వు ఆపుకోవడం నా వల్ల కాలేదు.

"క్యా హువా?" అన్నాడు ఆయన.

"సర్, మీరు కూడా ఛోటా దఫ్తర్ చూస్తారా?" అని హిందీలో అడిగాను.

ఎత్తిన కనుబొమ్మ అక్కడే ఉండిపోయింది. చెవుల దాకా ఎర్రబడ్డాడు. "మా అమ్మాయి చూస్తుంది," అన్నాడు గొంతు తగ్గించి. "పక్కన కూర్చుంటాను."

"మా అమ్మాయి కూడా చూస్తుంది. ఆలస్యమైంది సర్, తప్పు నాదే. రేపటినుంచి ముందు ఆటో ఎక్కుతాను. కాని అందరి ముందు అట్లా అనకండి. ఇంటికి పోయినా చెవుల్లోనే తిరుగుతుంది."

ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. ఆయనతో అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు. ఆయన గడియారం మీద చొక్కా చేతిని లాక్కున్నాడు.

"ఠీక్ హై, తాయీ. జా," అన్నాడు.

మేడమ్ పోయి తాయీ, అంటే అక్క, అయ్యాను. మధ్యాహ్నం డబ్బా విప్పేవేళకు లైన్ అంతా అదే ముచ్చట. మొన్న నవ్విన ఇద్దరిలో ఒకామె, రూపాలి, తన డబ్బాలోని ఠేచా, పచ్చిమిరప నూరిన పచ్చడి, నా రొట్టె మీద పెట్టింది.

*

బేస్తవారం వచ్చింది పాత ఎపిసోడే. సాక్షి అంతకుముందు రెండుసార్లు చూసింది. "తాతా, ఇది మస్తుంటది చూడు," అని ముందే ఊరించింది.

ఆ ఆఫీసులో భోలా కాకా అని ముసలి ప్యూన్ ఒకడున్నాడు. లింబూ సర్ చాబీ, అంటే తాళంచెవి, తెమ్మంటే చాయ్ తెచ్చాడు. కలం తెమ్మంటే కంబళి తెచ్చాడు. పిల్లలు ఆయన వెనక నిలబడి చెవి మీద చెయ్యి పెట్టుకుని "ఆఁ? ఆఁ?" అంటూ ఆయన నడకను అనుకరిస్తున్నారు. టీవీలో కనపడని జనం విరగబడి నవ్వుతున్నారు. ఇంట్లో మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

సాక్షి చెప్పడానికి నోరు తెరిచింది. చేతులు లేచి సగంలో ఆగిపోయాయి.

"ఏమన్నరు?" అన్నాడు మామ.

"ఏం లేదు తాతా."

"అందరు నవ్వవట్టిరి గద? ఏమన్నరు?"

సాక్షి నా వైపు చూసింది. నేను చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. రమేశ్ రిమోట్ కోసం చెయ్యి చాపి మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. సాక్షి మెల్లగా మామ చెవి దగ్గరకు వంగింది.

"ఆ తాతకు చెవులు వినవడయి. అందుకు నవ్వుతున్నరు."

మామ తెర వైపు మళ్లీ చూశాడు. భోలా కాకా చాయ్ కప్పు పట్టుకుని బిక్కముఖంతో నిలబడి ఉన్నాడు.

"నవ్వొస్తున్నదా?" అని అడిగాడు. కోపం లేదు, ఊరికే తెలుసుకోవడానికి అడిగినట్టు.

"మొన్నటిదాక అచ్చేది," అంది సాక్షి. దాని కళ్లు నిండుకొచ్చాయి. "గల్లీల మేం గూడ గట్ల చేసినం తాతా."

మామ దాని తల మీద చెయ్యి పెట్టాడు. "ఆ ముసలోడు మళ్ల ఏమనలేదా?"

"అనలే. ఆయనకు మాటలే పెట్టలే."

"గదే తప్పు. నేనైతే ఊకుంటనా?" మామ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "చాబీ నా జేబులనే పెట్టుకుంట. చాయ్ వాని ముందట పెట్టి, తాగు సర్ అంట. వాడు చాబీ చాబీ అని నోరు కొట్టుకోవాలె. నేను ఇంకో చాయ్ తేవాలె. పొద్దుగూకేటాళ్లకు బల్ల నిండ చాయ్‌లే ఉండాలె. అప్పుడు ఎవలు నవ్వాలె?"

సాక్షి కళ్లు తుడుచుకోవడం మరిచిపోయి నవ్వింది. "తాతా, గిది మనం చేద్దాం!"

*

శుక్రవారం సాంచాలు బంద్. షెడ్డులో అంత నిశ్శబ్దం వారానికి ఒక్కసారే. గల్లీ పిల్లలు పదిమంది, మా పక్కింటి సుశీలాబాయి, యాదయ్య, అందరూ బట్ట తాకాల మీద కూర్చున్నారు. రెండు సాంచాల మధ్య జాగాలో బల్ల వేసి రమేశ్‌ను లింబూ సర్‌గా కూర్చోబెట్టారు. నుదుటి మీద కాటుక ముడతలు నేనే గీశాను.

భోలా కాకాగా మా మామ వచ్చాడు.

"చాబీ!" అని రమేశ్ అరిచాడు. మామ చాయ్ తెచ్చాడు. "చాబీ!" మళ్లీ చాయ్. మూడోసారికి రమేశ్ లేచి సైగలు చేశాడు. మామ వాటిని చూసి తెలియనట్టు తల గోక్కుని, బొటనవేలు నోటికి పెట్టి 'చాయేనా?' అన్నట్టు చూశాడు. పిల్లలు తాకాల మీదినుంచి దొర్లిపోయారు. నలభై అయిదేళ్లు ఆ నేల మీద నిలబడ్డ మనిషి, మొదటిసారి అక్కడ చప్పట్లు కొట్టించుకున్నాడు. ఎనిమిదో కప్పు తర్వాత జేబులోనుంచి చాబీ తీసి, చూపించి, మళ్లీ జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. సుశీలాబాయి నవ్వి నవ్వి నీళ్లడిగింది.

ఆ ఎనిమిది చాయ్‌లు తలా కొంచెం తాగుతూ పంచాయితీకి కూర్చున్నాం.

అత్త మొదలుపెట్టింది. "పెద్దోళ్లకు ఎదురు మాట్లాడుడు మంచిగ లేదు. కని నలుగురు ఒక్క డబ్బాల తింటరు చూడు, అది మంచిగున్నది."

"పని నేర్పదు," అన్నాడు రమేశ్. "నవ్వు నేర్పుతది. రెండు గావాలె గదా."

యాదయ్యను కూడా అడిగింది సాక్షి. అతను సిగ్గుపడి, "నేను చూడలే. కని ఇయ్యాల్టిది మంచిగుంది," అన్నాడు.

"అమ్మా, నువ్వు?"

"టేపు రెండు వరసలు ఏస్తె నాకేం బాధ లేదు," అన్నాను. నా కోపం సీరియల్ మీద కాదని దానికి తెలుసు, నాకూ తెలుసు.

చివరికి అందరం మామ వైపు తిరిగాం. సాక్షి ఆయన ఎదురుగా నిలబడి చేతులతో అడిగింది. చూడాలా? వద్దా?

"చూడు బిడ్డా," అన్నాడు మామ. "నాకు చెప్పుకుంట చూడు. నాకు చెప్పబుద్ధి కానిది అస్తే, బంద్ చెయ్యమని ఇంకెవలు చెప్పే పని లేదు. నువ్వే చేస్తవ్."

రమేశ్ వైపు తిరిగి, ఏదో చిన్న సంగతి చెప్పినట్టు అన్నాడు. "సోమారం చెవుల డాక్టర్ కాడికి పోదామా మరి?"

రమేశ్ చాయ్ కప్పు కింద పెట్టేశాడు. అత్త కొంగు సర్దుకుని లేచి పైకి వెళ్లిపోయింది. ఏడుపొస్తే ఆమె మాకు కనపడనివ్వదు.

*

డాక్టర్ మామ చెవులతోపాటు రమేశ్ చెవులు కూడా చూసింది. ఈయనకింకా నలభై లేవు, అప్పుడే తగ్గుతున్నాయి అంది. షెడ్డులో పనిచేసేవాళ్లంతా చెవులు మూసుకునే డబ్బాలు పెట్టుకోవాలంది. ఇంటికొస్తూ రమేశ్ అవి కొననన్నాడు.

"అవి పెట్టుకొని నిలవడితే పక్క షెడ్డోళ్లు నవ్వుతరు."

"నవ్వనీ," అన్నాడు మామ. "డబ్బాలుంటే నీకేడ వినవడ్తది?"

వెనక్కి తిరిగి వెళ్లి రెండు జతలు కొన్నారు. ఒకటి రమేశ్‌కు, ఒకటి యాదయ్యకు.

చెవుల మిషన్ వచ్చిన సాయంత్రం మామ ఛోటా దఫ్తర్ మొత్తం తన చెవులతో విన్నాడు. సాక్షికి పని లేకపోయింది. కుర్చీ దగ్గరకు వెళ్లలేదు. గుమ్మంలో కూర్చుని గోళ్లు కొరుక్కుంటూ తెరను కాక ఆయన ముఖాన్నే చూస్తూ ఉంది. సీరియల్ అయిపోయింది. మామ దాని వైపు తిరిగాడు.

"గంతేనా?"

"గంతే తాతా."

"నువ్వు చెప్పినంత మంచిగ లేదు," అన్నాడు. "రేపటినుంచి పక్కనే కూసో. నాకు ఆ హిందీ సగం తెలుస్తలేదు."

ముంబై సేఠ్‌లతో జీవితమంతా హిందీలోనే మాట్లాడిన మనిషి! సాక్షి గుమ్మంలోంచి ఒక్క గెంతులో వచ్చి కుర్చీ చేతి మీద కూర్చుంది.

జూన్‌లో వరాలా తలావ్ చెరువు మీదినుంచి మొదటి వాన వచ్చింది. మరుసటి వారం బడి తెరిచారు. కొత్త యూనిఫాం వేసుకుని సాక్షి మొదటి రోజు మధ్యాహ్నం షిఫ్టు బడి నుంచి సాయంత్రం ఇంటికొచ్చేసరికి సీరియల్ మొదలై పది నిమిషాలైంది. మిగతాది తాతతో చూసింది. చూసి, రెండు చాయ్ కప్పులు పట్టుకుని కిందికి పరిగెత్తింది. దాని వెనకే నేను మెట్ల దాకా వచ్చాను.

ఆరు సాంచాలూ నడుస్తున్నాయి. రమేశ్, యాదయ్య చెవులకు డబ్బాలతో నిలబడి ఉన్నారు. సాక్షి కప్పులు గట్టు మీద పెట్టి, పిడికిలి బిగించి నిమ్మకాయ పిండింది. తల మీద రెండు వేళ్లు పెట్టింది. తర్వాత చేతులు రెక్కల్లా ఆడించి, వంగి, ఒంటికాలి మీద గెంతింది. యాదయ్య ముందుగా నవ్వాడు. రమేశ్ పొట్ట పట్టుకుని సాంచాకు ఆనుకున్నాడు. ఆ మోతలో ఎవరి నవ్వూ నా దాకా రాలేదు. పళ్లు మాత్రం కనిపిస్తున్నాయి.

మేక ఏం చేసిందో, ఆ రెక్కలెవరివో నాకు తెలియలేదు. మెట్లు దిగి వెళ్లి, నాకూ చెప్పమని సైగ చేశాను.